సాయంత్రం ఆరింటికి చూడాల్సిన బడి: తెలంగాణ కస్తూర్బా విద్యాలయాల సమీక్ష

జూన్‌లో బడి చూడ్డానికి వెళ్లే తల్లిదండ్రులు దాదాపు అందరూ పొద్దున పది, పదకొండు గంటల మధ్య వెళ్తారు. ఆ వేళకి ఏ కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయమైనా బాగానే కనిపిస్తుంది. వరండా కడిగి ఉంటుంది, పిల్లలు రెండు జడలు వేసుకుని వరసలో కూర్చుంటారు, ఆఫీసు గదిలో స్పెషల్ ఆఫీసర్, అంటే ఇక్కడి హెడ్‌మిస్ట్రెస్, ఉంటారు. మామూలు హైస్కూలైతే అంతమాత్రం చూసి సంతకం పెట్టొచ్చు. ఇది రాత్రి కూడా ఉండే బడి. పిల్ల రోజుకు ఏడు గంటలు తరగతిలో ఉంటే, మిగతా పదిహేడు గంటలు బాత్రూం లైన్లో, అన్నం లైన్లో, స్టడీ అవర్లో, పడక గదిలో ఉంటుంది. ఈ సమీక్షలో ఎక్కువ భాగం ఆ పదిహేడు గంటల గురించే.

ముందు వివరాలు. కేంద్రం ఈ పథకాన్ని 2004లో మొదలుపెట్టింది. ఆడపిల్లల చదువు వెనకబడిన మండలాల్లో బడి మానేసిన పిల్లలకూ, మానేసే ప్రమాదం ఉన్న పిల్లలకూ ఆరు నుంచి ఎనిమిది దాకా వసతితో చదువు చెప్పాలన్నది ఉద్దేశం. 2007లో సర్వశిక్షా అభియాన్‌లో కలిపారు. 2018లో దాని స్థానంలో సమగ్ర శిక్ష అనే పథకం వచ్చాక పన్నెండో తరగతి దాకా పెంచుకునే వీలిచ్చారు. సీట్లలో 75 శాతం ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ పిల్లలకు, 25 శాతం దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న కుటుంబాలకు. అమ్మానాన్న లేని పిల్లలకు, ఒక్కరే ఉన్న పిల్లలకు మొదటి ప్రాధాన్యం. గురుకులంలో ఐదో తరగతికి ప్రవేశపరీక్ష ఉంటుంది, ఇక్కడ ఆరో తరగతికి పరీక్ష లేదు. ఈ ఒక్క తేడా వల్లే తరగతి గది స్వభావం మారిపోతుంది. దాని సంగతి తర్వాత.

చేర్చుకునేటప్పుడు అడిగేవి తెలిసినవే: ఆధార్, టీసీ, కులం, ఆదాయం సర్టిఫికెట్లు, ఫొటోలు, తల్లిదండ్రులు లేకపోతే మరణ ధ్రువపత్రం. ఇబ్బంది కాగితాలు లేకపోవడం వల్ల తక్కువ, అవి ఒకదానితో ఒకటి కలవకపోవడం వల్ల ఎక్కువ. ఆధార్‌లో ఇంటిపేరు ముందుంటుంది, టీసీలో వెనకుంటుంది, పుట్టిన తేదీలో నెల మారుతుంది. ఆరో తరగతిలో ఎవరూ పట్టించుకోరు. పదో తరగతి పరీక్ష రాసేవాళ్ల జాబితా (నామినల్ రోల్స్) పంపే రోజున అందరికీ గుర్తొస్తుంది. చేర్చే వారంలోనే సరిచేయించండి. ఇంకొకటి, పాత బడి వాళ్లు యూడైస్‌లో, అంటే బడుల ఆన్‌లైన్ లెక్కలో, పిల్ల పేరును వదలాలి. వదలకపోతే కొత్త బడి లెక్కలో పేరు ఎక్కదు. యూనిఫాం, పుస్తకాలు వచ్చేది ఆ లెక్క ప్రకారమే.

ఇక నీళ్లు. ఈ బడుల్లో మంచీ చెడూ మొదలయ్యేది అక్కడే. సాధారణంగా తరగతికి 40 మంది చొప్పున ఆరు నుంచి పది దాకా ఐదు తరగతుల్లో 200 మంది ఉంటారు, ఇంటర్ ఉంటే ఇంకా ఎక్కువ. ఉదయం ఐదింటికి లేచి, వ్యాయామం ముగించి, చదువుకు కూర్చునే లోపు స్నానాలకు దొరికేది దాదాపు గంట. స్నానాల గదులు 20 ఉంటే ఒక్కో గదికి పదిమంది, అంటే మనిషికి ఆరు నిమిషాలు. పది గదులే పనిచేస్తుంటే మూడు నిమిషాలు. మూడు నిమిషాల్లో తలస్నానం చేయలేని పిల్ల ఆదివారం దాకా ఆగుతుంది. అందుకే గదులు ఎన్ని కట్టారని అడగొద్దు. గొళ్లెం, కుళాయి, లైటు మూడూ సరిగా ఉన్నవి ఎన్నో లెక్కపెట్టండి.

స్నానానికి, బట్టలకు, మరుగుదొడ్డికి కలిపి మనిషికి వంద లీటర్లు వేసుకున్నా 200 మందికి రోజుకు 20,000 లీటర్లు. పైన ఉన్న ట్యాంకు 5,000 లీటర్లదైతే నాలుగుసార్లు నింపాలి. బోరులో నీళ్లున్నా మోటారు నిలవాలి. లో వోల్టేజీలో నడిపితే వైండింగ్ కాలుతుంది, నీళ్లు దిగిపోయాక ఉత్తి మోటారు తిరిగితే బుష్‌లు పోతాయి. స్టార్టర్ డబ్బాలో నీళ్లు లేనప్పుడు మోటారును దానంతట అదే ఆపే డ్రై రన్ కట్ ఆఫ్ ఉందా, కాలిపోతే రిపేరుకు ఎన్ని రోజులు పడుతుంది అని అడగండి. రెండు రోజులని జవాబు వస్తే, ఆ రెండు రోజులూ ట్యాంకర్ ఎవరు పిలుస్తారని అడగండి. పేరు చెప్పి జవాబిస్తే మంచి బడి. ‘చూస్తాం’ అంటే పిల్లలే బకెట్లు పట్టుకుని నడుస్తారన్నమాట.

డ్రైనేజీ పొంగడం చాలాచోట్ల ఉన్న ఫిర్యాదు. పిల్లలు ప్యాడ్‌లు వేస్తున్నారని వాళ్లను తిడతారు గానీ, వేయడానికి వేరే చోటు ఉందా అని చూసేవాళ్లు తక్కువ. ప్యాడ్ లోపల ఉండే జెల్ నీళ్లు పీల్చి ఉబ్బుతుంది. నాలుగంగుళాల పైపులో వంపు దగ్గర రెండు చేరితే చాలు, మూడోది వచ్చేసరికి దారి మూసుకుపోతుంది. మందు తిట్లలో లేదు, మూత ఉన్న డబ్బాలో ఉంది. ప్రతి మరుగుదొడ్డి లోపల డబ్బా ఉండాలి, బయట వరండాలో కాదు. చేతిలో పట్టుకుని పదిమంది ముందు నుంచి నడిచి వెళ్లి ఏ పన్నెండేళ్ల పిల్లా వేయదు. డబ్బాలో కాగితం పరచాలి, రోజూ ఖాళీ చేయాలి. కాల్చే మిషన్ ఉన్నచోట దాని ప్లగ్ పెట్టి ఉందో లేదో చూడండి. తడి ప్యాడ్‌లు కుక్కి నింపితే అది కాలదు, పొగ మాత్రం ఇస్తుంది. పొగకు భయపడి ఎవరో తీసేసిన ప్లగ్ మళ్లీ పెట్టని బడులు ఉన్నాయి.

తిండి విషయంలో ఈ సమీక్షకు పెద్ద ఫిర్యాదు లేదు. 2015 నుంచి రాష్ట్రంలో హాస్టళ్లకు సన్నబియ్యం ఇస్తున్నారు. ముద్ద కట్టిన దొడ్డన్నం రోజులతో పోలిస్తే ఇది పెద్ద మార్పు. 2024 చివర్లో సంక్షేమ హాస్టళ్లు, గురుకులాల డైట్ ఛార్జీలను ఏడో తరగతి దాకా నెలకు 950 నుంచి 1,330 రూపాయలకు, ఎనిమిది నుంచి పది దాకా 1,100 నుంచి 1,540కి పెంచారు. కొలబద్దగా ఆ 1,540నే తీసుకుంటే రోజుకు 51 రూపాయలు. అందులోనే టిఫిను, రెండు పూటల అన్నం, సాయంత్రం గుగ్గిళ్లో పల్లీపట్టీయో రావాలి. పండగ భోజనం రాదు గానీ, సరుకు పక్కదారి పట్టకపోతే కడుపు నిండా వస్తుంది.

పక్కదారి పట్టిందో లేదో పళ్లెం చూసి చెప్పలేం, తూకం చూసి చెప్పొచ్చు. మధ్యాహ్న భోజన పథకంలో ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లకు పూటకు 150 గ్రాముల బియ్యం, 30 గ్రాముల పప్పు, 75 గ్రాముల కూరగాయలు, 7.5 గ్రాముల నూనె అని లెక్క. 200 మందికి 30 కిలోల బియ్యం, 6 కిలోల కందిపప్పు, 15 కిలోల కూరగాయలు, కిలోన్నర నూనె. వంటగదిలో స్టాకు రిజిస్టరు ఉంటుంది, అందులో పప్పు ఎంత తీశారో రాస్తారు. ఆరు రాసి మూడు వండితే గంటె వేయగానే తెలిసిపోతుంది, పప్పు అన్నం మీద నిలవదు, పళ్లెం అంచుకు జారిపోతుంది. గుడ్డు ఇచ్చే రోజున చివరి వరసలో ఉన్న పిల్లను అడగండి, మొదటి వరసను కాదు. టమాట, వంకాయ, సొర, ఆలు చుట్టూనే కూరలు తిరుగుతుంటాయి, ఆకుకూర మాత్రం తక్కువ. ఆకుకూర కడిగి తరగడానికి మనుషులు కావాలి, వంటవాళ్లు ముగ్గురో నలుగురో. కారణం అంతే.

ఆరోగ్యానికి ఏఎన్ఎం, అంటే నర్సు, ఒకరు ఉంటారు. ఆమె రాత్రి అక్కడే ఉంటారా అన్నది మొదటి ప్రశ్న. బీపీ మిషన్, థర్మామీటరు ఉన్న గదికన్నా, జ్వరం వచ్చిన పిల్లను విడిగా పడుకోబెట్టే గది ముఖ్యం. కిశోర బాలికలకు వారానికి ఒక నీలం రంగు ఐరన్ ఫోలిక్ యాసిడ్ మాత్ర ఇస్తారు, ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరిలో, ఆగస్టులో, 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్ ఇస్తారు. మాత్రలు అందుతాయి, మింగడమే జరగదు. ఖాళీ కడుపున వేస్తే వికారం వస్తుంది, ఒకరు వాంతి చేసుకుంటే మిగతా వాళ్లు దిండు కింద దాస్తారు. అన్నం తిన్న అరగంటకు, టీచర్ ఎదురుగా వేయించే బడిలో ఈ సమస్య ఉండదు. మాత్ర వేసుకున్నాక మలం నల్లగా వస్తుందని ముందే చెబితే భయం పోతుంది. పన్నెండేళ్లు దాటిన ఆడపిల్లకు హిమోగ్లోబిన్ 12 కన్నా తగ్గితే రక్తహీనతే. హెల్త్ కార్డులో ఆ అంకె ఎప్పుడు రాశారో, ఒకే పెన్నుతో నలభై మందికీ 11.2 అని రాశారో చూడండి.

గజ్జి గురించి విడిగా చెప్పాలి. పక్కపక్కనే పరుపులు వేసుకునే చోట ఒకరికి వస్తే కొన్ని వారాల్లో గదంతా పాకుతుంది. పర్మెత్రిన్ 5 శాతం క్రీము మెడ నుంచి అరికాలి దాకా, వేళ్ల సందుల్లో, గోళ్ల కింద రాసుకుని రాత్రంతా ఉంచి పొద్దున కడుక్కోవాలి, వారానికి మళ్లీ ఒకసారి. తప్పెక్కడ జరుగుతుందంటే, దురద ఉన్న పిల్లకే రాస్తారు. దురద మొదలవడానికి నెల, నెలన్నర దాకా పట్టొచ్చు, ఈలోపు ఆమె పక్కన పడుకున్న నలుగురికీ అంటుకునే ఉంటుంది. గదిలో అందరికీ ఒకే రాత్రి రాయాలి, అదే పొద్దున దుప్పట్లు, బట్టలు వేడినీళ్లలో ఉతికి ఎండలో వేయాలి. ఉతకలేనివి సంచిలో కట్టి మూడు రోజులకు పైగా పక్కన పెట్టినా పురుగు చస్తుంది. దసరాకు ఇంటికి తీసుకెళ్లి తిరిగి పంపేటప్పుడు ఇంట్లో చిన్నపిల్లకు దురద ఉంటే దాచొద్దు. బడి నుంచి ఇంటికి ఎంత వస్తుందో, ఇంటి నుంచి బడికీ అంతే వెళ్తుంది.

చదువు సంగతి. ప్రవేశపరీక్ష లేదని పైన అన్నాం. దాంతో ఆరో తరగతిలో నలభై మందిలో ఒకరు ఇంగ్లీషు పాఠం గడగడా చదువుతారు, పక్కనామె తెలుగులో గుణింతాలు కూడబలుక్కుంటుంది, ఇంకొకరు రెండేళ్లు బడి మొహం చూడని పిల్ల. టీచర్‌కు ఇది గురుకులంలో కన్నా కష్టమైన పని. తెలంగాణలో ఇంగ్లీషు మీడియం మార్పు కోసం తెచ్చిన పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు. ఏర్పాటు మంచిదే, కానీ చాలామంది పిల్లలు తెలుగు పేజీ చదివి, ఇంగ్లీషు జవాబు గైడులోంచి బట్టీ పడతారు. లెక్కల్లో ఈ లోటు ముందుగా బయటపడుతుంది. భిన్నాలు చేయగలిగిన పిల్ల కూడా ‘న్యూమరేటర్’ అనగానే ఆగిపోతుంది. గోడ మీద రెండు భాషల్లో మాటల పట్టిక రాసి, వారానికి పది మాటలు మార్చే బడి కనిపిస్తే అది లెక్కల టీచర్ ఓపికకు రుజువు.

ఏడాది మధ్యలో జరిగే ఫార్మేటివ్ పరీక్షల్లో 20 మార్కులు నాలుగు ముక్కలు: చదివి స్పందించడానికి 5, రాతపనికి 5, ప్రాజెక్టుకు 5, స్లిప్ టెస్టుకు 5. మొదటి మూడూ నోటు పుస్తకాల్లో ఉంటాయి. తల్లిదండ్రులు చూడాల్సింది మార్కు కాదు. ఇద్దరు పిల్లల ప్రాజెక్టు పుస్తకాలు పక్కపక్కన పెట్టి చూడండి. వాక్యం వాక్యం ఒకటే అయితే, పదో తరగతిలో 80 మార్కుల రాతపరీక్ష దగ్గర తేడా కొడుతుంది. అక్కడ చూసి రాయడానికి ఎవరి పుస్తకమూ ఉండదు.

వీటన్నిటికీ మందు రాత్రి స్టడీ అవర్. ఏడింటికల్లా అన్నం అయ్యాక తొమ్మిది, తొమ్మిదిన్నర దాకా. డే స్కూలు పిల్లకు ఇంటి దగ్గర దొరకని వెసులుబాటు ఇది: లైటు, చోటు, పక్కన అడగడానికి మనిషి. ఆ మనిషి ఎవరన్నదే అసలు విషయం. నైట్ డ్యూటీ టీచర్ ఒక్కరే అన్ని తరగతులూ తిరిగి చూస్తే అది నిశ్శబ్దం కాపాడటమే, చదువు కాదు. సోమవారం లెక్కలు, మంగళవారం సైన్సు అని డ్యూటీని సబ్జెక్టుతో ముడిపెట్టిన చోట, తొమ్మిదో తరగతి పిల్లలు ఆరో తరగతి వాళ్లకు చదివించడం అలవాటు చేసిన చోట ఫలితాలు వేరుగా ఉంటాయి. సాయంత్రం ఆరింటికి వెళ్లమన్నది ఇందుకే. ఆటల మైదానం, వంటగది, స్నానాల గదులు, స్టడీ అవర్ మొదలు, అన్నీ రెండు గంటల్లో కళ్ల ముందే జరుగుతాయి. ముందుగా అనుమతి అడగండి. ఆడవాళ్లు వెళ్తే మేలు, లోపలి దాకా రానిచ్చేది వాళ్లనే, అలా రానివ్వడమే సరి కూడా.

టీచర్లు సీఆర్టీలు, అంటే కాంట్రాక్టు మీద ఉండేవాళ్లు. పగలు పాఠం, రాత్రి డ్యూటీ, సెలవు రోజున కూడా వంతులు, జీతం మాత్రం రెగ్యులర్ టీచర్లకు దూరంగా. 2024 డిసెంబరులో సమగ్ర శిక్ష ఉద్యోగులు సమ్మెకు దిగినప్పుడు కస్తూర్బాల్లో పాఠాలు దెబ్బతిన్నాయి. పబ్లిక్ పరీక్షలకు మూడు నెలల ముందు అది జరిగింది. దీన్ని టీచర్ల తప్పుగా రాయడం అన్యాయం. కానీ పిల్లను పంపే వాళ్లకు తెలిసుండాలి: ఈ బడిలో అన్నిటికన్నా విలువైనది భవనం కాదు, ఐదేళ్లు కదలకుండా ఉన్న లెక్కల టీచరు. ఎవరు ఎన్నేళ్లుగా ఉన్నారో గేటు దగ్గర వాచ్‌ఉమన్‌ను అడిగినా చెబుతుంది.

గదులు చాలని చోట పగలు తరగతి గదే రాత్రి పడక గది. పెట్టెలు గోడ వారగా పేరుస్తారు, బెంచీలు ఒకవైపు జరుపుతారు. చూడ్డానికి ఇబ్బందిగా ఉంటుంది గానీ పిల్లలు అలవాటు పడతారు. అలవాటు పడకూడనివి వేరే ఉన్నాయి: కిటికీకి దోమతెర లేకపోవడం, రాత్రి మరుగుదొడ్డికి వెళ్లే దారిలో లైటు లేకపోవడం, తలుపుకు బయట నుంచి తాళం వేయడం. మూడోది కనిపిస్తే అక్కడికక్కడే అడగండి. మంటలు అంటుకుంటే ఆ తాళం చెవి ఎవరి దగ్గరుంటుందో చెప్పగలగాలి.

ఫోను లోపలికి అనుమతించరు, అది మంచిదే. బడి ఫోను నుంచి మాట్లాడిస్తారు. పిల్లను తీసుకెళ్లడానికి ఎవరికి అనుమతి ఉందో రిజిస్టరులో ఫొటోతో రాస్తారు. మేనమామ, బాబాయ్ అని ఎవరొస్తే వాళ్లతో పంపే బడిలో వేయొద్దు. గేటు దగ్గర మిమ్మల్ని పది నిమిషాలు నిలబెట్టి సంతకాలు తీసుకుంటే విసుక్కోవద్దు, ఆ పది నిమిషాలు మీ పిల్ల కోసమే. 1098 బాలల హెల్ప్‌లైన్ నంబరు గోడ మీద పిల్లల కంటికి అందే ఎత్తులో ఉండాలి, ఆఫీసు గదిలో కాదు.

చదువు ఆగిపోయేది బడిలో కాదు, సెలవుల్లో. దసరాకు ఇంటికొచ్చిన పిల్ల పత్తి ఏరడానికి రెండు వారాలు ఆగుతుంది, తిరిగి వెళ్లేసరికి లెక్కల్లో ఒక చాప్టరు పోతుంది, అర్థం కాక మళ్లీ ఇంటికొస్తానంటుంది. వేసవిలో పెళ్లి చూపులు మొదలవుతాయి. మంచి స్పెషల్ ఆఫీసర్లు సెలవులు అయిన మర్నాడే హాజరు పట్టిక పట్టుకుని ఫోన్లు చేస్తారు, మూడో రోజు స్వయంగా మీ ఊరికి వస్తారు. మీకు అలా ఫోను వస్తే ఆ బడి గట్టిది.

మార్కులు వేయాల్సి వస్తే: తిండికి ఐదుకు నాలుగు, భద్రతకు నాలుగు, చదువుకు మూడున్నర, నీళ్లు, బాత్రూములకు రెండున్నర. చివరిది బడిబడికీ ఒకటి నుంచి నాలుగు దాకా మారుతుంది. ఇంటి దగ్గర నడిచి వెళ్లేంత దూరంలో మంచి జిల్లా పరిషత్ బాలికల హైస్కూలు ఉండి, సాయంత్రం పిల్లను చదువుకోనిచ్చే ఇల్లయితే, కస్తూర్బాకు పంపాల్సిన అవసరం లేదు. పనుల కోసం వలస వెళ్లే కుటుంబానికి, ఆరో తరగతికే బడి దూరమయ్యే తండాకు, తల్లి ఒక్కతే నెట్టుకొచ్చే ఇంటికి దీనికి సాటి వచ్చేది దగ్గర్లో మరొకటి దొరకదు. ఇంటర్ కూడా అక్కడే చదివించాలనుకుంటే ఏ గ్రూపులు ఉన్నాయో ఆరో తరగతిలోనే కనుక్కోండి. అన్ని కస్తూర్బాల్లో అన్ని గ్రూపులూ ఉండవు.

పంపేటప్పుడు సర్దాల్సినవి: రేకు పెట్టె, రెండు బకెట్లు కాదు ఒక్కటే, మగ్గు, స్టీలు పళ్లెం, గ్లాసు, రెండు దుప్పట్లు, ఆరు జతల లోబట్టలు, పేల దువ్వెన, టార్చి. బకెట్ మీద పేరు మార్కర్‌తో రాస్తే వారంలో చెరిగిపోతుంది, పెయింటుతో రాయించండి. పళ్లెం మీద పాత్రల దుకాణంలో పేరు చెక్కించండి. బట్టలకు లోపలి వైపు రంగు దారంతో రెండక్షరాలు కుట్టండి, దండెం మీద నలభై తెల్ల చున్నీలు ఒకేలా ఉంటాయి. పెట్టెకు కొనే తాళానికి రెండు చెవులు ఉంటాయి. ఒకటి పిల్ల మెడలో, రెండోది ఇంటికి తెచ్చుకోకుండా క్లాస్ టీచర్ దగ్గర. మొదటి నెలలో ఆ రెండోదే ఎక్కువసార్లు అవసరం పడుతుంది.